మడత కెమెరా మళ్ళీ వచ్చింది

(పూర్వ విద్యార్థుల సంఘం డిసెంబరు 2008 సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను పావుగంట మాట్లాడమన్నారు. విషయం నా ఇష్టమన్నారు. బస్టాండు దగ్గర ముప్పై ఏళ్ళుగా ఫొటో స్టూడియో నడుపుతున్నవాడి చేతికి మైకిస్తే ఏం మాట్లాడతాడో మీకు తెలుసు. మీలో సగంమంది పెళ్ళి ఫొటోలు, మిగతా సగంమంది పిల్లల హాల్ టికెట్ ఫొటోలు నేనే తీశాను. "గడ్డం కాస్త కిందికి, కళ్ళు ఇటు" అనడం తప్ప నాకు ఉపన్యాసం రాదు. కాబట్టి తప్పులుంటే మన తెలుగు మాస్టారు మన్నించాలి. ఆయన ముందువరసలోనే కూర్చున్నారు, నాకు ఇప్పటికీ భయమే.

సంగతేమిటంటే, ఈ సెప్టెంబరులో జర్మనీలోని కొలోన్ నగరంలో ఫొటోకినా అని ఒక పెద్ద ప్రదర్శన జరిగింది. రెండేళ్ళకోసారి జరుగుతుంది. మన కెమెరావాళ్ళకి అది పుష్కరాల లాంటిది. మన బడిలో నా తర్వాత చాలా ఏళ్ళకి చదువుకున్న కుర్రాడొకడు అక్కడికి దగ్గర్లోనే ఉద్యోగం చేస్తున్నాడు. వాడు ఆ ప్రదర్శనకి వెళ్ళి, దసరాకి ఊరొచ్చినప్పుడు ఒక సంచీడు కాగితాలు నా బల్ల మీద గుమ్మరించాడు. "అన్నా, కానన్‌వాళ్ళు 5డి మార్క్ టూ అని తెచ్చారు. ఇరవయ్యొక్క మెగాపిక్సెళ్ళు. దాంతో సినిమా కూడా తీయొచ్చు. జనం విరగబడ్డారు" అని చెప్తున్నాడు. నేను వింటున్నట్టు తల ఊపుతున్నానే గాని, నా కళ్ళు ఆ కాగితాల్లో మరోదాని మీద పడ్డాయి. ఫ్యూజీ కంపెనీ కరపత్రం అది. జీఎఫ్ 670 అని పేరు. మడత కెమెరా! ఫిల్ము కెమెరా! 2008లో!

మీకు ఇందులో వింతేమిటో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి. 2006 జనవరిలో నైకాన్‌వాళ్ళు ఒకటి రెండు తప్ప తమ ఫిల్ము కెమెరాలన్నీ ఆపేస్తున్నామన్నారు. అదే నెలలో కోనికా మినోల్టా మొత్తం కెమెరాల వ్యాపారం నుంచే తప్పుకుంది. ఈ ఫిబ్రవరిలో పోలరాయిడ్‌వాళ్ళు తమ ఇన్‌స్టంట్ ఫిల్ము ఇక తయారు చేయమని చెప్పేశారు. నా స్టూడియోలో డార్క్‌రూమ్ ఇప్పుడు మా కోడలు బియ్యం బస్తాలు పెట్టుకునే గది. ఎన్‌లార్జరు మీద దుప్పటి కప్పి ఉంది. ఇలాంటి రోజుల్లో ఒక కంపెనీ పనిగట్టుకుని కొత్తగా ఫిల్ము కెమెరా చేయడం, అదీ మడత కెమెరా చేయడం చూస్తే, ఈ కాలంలో ఎవరో కొత్త గుర్రబ్బండి చేయించి దానికి మంచి స్ప్రింగులు వేయించినట్టుంది నాకు.

మడత కెమెరా అంటే చిన్నవాళ్ళకి తెలియకపోవచ్చు. మూసి ఉంటే లావుపాటి కళ్ళజోడు పెట్టెలా ఉంటుంది. మీట నొక్కితే ముందు తలుపు తెరుచుకుని, లెన్సు బయటికొచ్చి టక్కుమని నిలబడుతుంది. లెన్సుకీ పెట్టెకీ మధ్య హార్మోనియానికి ఉండే తిత్తి లాంటిది ఉంటుంది. దాన్ని బెల్లోస్ అంటారు. లోపల చీకటి, బయట వెలుతురు. ఈ రెంటికీ మధ్య ఉన్నది ఆ పల్చటి మడతల తిత్తి ఒక్కటే. ఈ పద్ధతి నూరేళ్ళ పైబడిన పాతది. ఇందులో వాడే 120 ఫిల్మును కొడాక్‌వాళ్ళు 1901లో తెచ్చారు, అది ఇవాళ్టికీ అదే కొలతల్లో దొరుకుతోంది. ఆనాటి రీలు ఈనాటి కెమెరాలో సరిపోతుంది. మా అబ్బాయి మూడేళ్ళ కిందట కొన్న మెమరీ కార్డు వాడి కొత్త కెమెరాలో దూరడం లేదు.

అసలు ఎందుకు మడవాలి అంటారా? నెగెటివు పెద్దది కావాలి, పెట్టె చిన్నది కావాలి, అందుకు. మామూలు రీలు కెమెరాలో నెగెటివు 24 మిల్లీమీటర్లకి 36. ఈ జీఎఫ్ 670లో ఆరూ ఏడూ సైజు పెట్టుకుంటే సుమారు 56కి 69. వైశాల్యం లెక్క కడితే నాలుగున్నర రెట్లు. ఆరూ ఆరూ చదరం కావాలన్నా పెట్టుకోవచ్చు, దాంట్లో రీలుకి పన్నెండు ఫొటోలు, ఆరూ ఏడుకైతే పది. అంత నెగెటివుకి వెలుగు పరచాలంటే లెన్సు ఫిల్ముకి ఎనభై మిల్లీమీటర్ల దూరంలో నిలబడాలి. మామూలు పెట్టెలో ఆ దూరాన్ని ఎప్పుడూ మోస్తూ తిరగాలి. మడత కెమెరాలో ఫొటో తీసేటప్పుడు మాత్రమే ఆ దూరం ఉంటుంది, తర్వాత మూసేసి భుజాన వేసుకోవచ్చు. ఎంత తెలివైన సంగతో చూడండి!

దీని లెన్సు 80 మిల్లీమీటర్ల ఫ్యూజినాన్, ఎఫ్ 3.5. ఆరు గాజులు నాలుగు జట్లుగా కూర్చారు. షట్టరు లెన్సులోనే ఉంది, నాలుగు సెకన్ల నుంచి సెకనులో ఐదువందలో వంతు దాకా. చప్పుడు దాదాపు లేదని మనవాడు చెప్పాడు, మొదటిసారి నొక్కినప్పుడు ఫొటో పడలేదనుకున్నాడట. లోపల మీటరుంది. ఎపర్చరు మనం పెడితే షట్టరు అది చూసుకుంటుంది, వద్దనుకుంటే రెండూ మనమే పెట్టుకోవచ్చు. అన్నిటికన్నా నాకు నచ్చింది రేంజ్‌ఫైండరు. కిటికీలోంచి చూస్తే మనిషి రెండుగా కనిపిస్తాడు, ఉంగరం తిప్పుతుంటే ఇద్దరూ దగ్గరికొచ్చి ఒక్కడవుతాడు. అప్పుడు నొక్కాలి. పాత మడత కెమెరాల్లో చాలావాటికి ఇది లేదు. దూరం అడుగుల్లో కొలిచి, అంకె పెట్టుకుని తీయాల్సిందే. 1934లో జైస్‌వాళ్ళు సూపర్ ఐకాంటాలో లెన్సుకి జతచేసిన రేంజ్‌ఫైండరు పెట్టారు, కాని దాన్ని కొనగలిగినవాళ్ళు మన జిల్లాలో ఎందరుండి ఉంటారు!

బరువు కేజీ. మోయగలను. కొసీనా అనే మరో జపాన్ కంపెనీ కూడా ఇందులో కలిసిందట, ఫోక్ట్‌లెండర్ బెస్సా అనే పాత పేరుతోనూ వస్తుందట. ఆ ఫోక్ట్‌లెండర్ పేరు 1756లో వియన్నాలో పుట్టింది, అప్పటికి ఫొటో అనే మాటే లేదు. ధర మాత్రం నన్నడక్కండి, మా ఆవిడ ఆడవాళ్ళ వరసలో కూర్చుని వింటోంది.

మా అబ్బాయి ఈ కరపత్రం చూసి, "నాన్నా, ఇది ముసలివాళ్ళ మోజు" అన్నాడు. వాడన్నదాంట్లో కొంత నిజముంది, కాదనను. పెళ్ళికి వెళ్ళి రెండువేల ఫొటోలు తీసి, రాత్రికల్లా ఆల్బం వేసిచ్చే పని ఈ కెమెరాతో కాదు. నా అన్నం ఇవాళ డిజిటల్ పెడుతోంది, దాన్ని తిట్టే హక్కు నాకు లేదు. కాని నేను ఆ కరపత్రాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకుని రెండు నెలలుగా ఎందుకు తిరుగుతున్నానో వాడికి చెప్పలేదు. ఇవాళ మీకు చెప్తాను. నిజానికి ఇవాళ నేను మాట్లాడతానని ఒప్పుకున్నది ఇందుకే.

మన సంఘం స్వర్ణోత్సవ సంచిక కోసం ప్రతి బ్యాచ్‌వాళ్ళనీ పదో తరగతి గ్రూపు ఫొటో పంపమన్నారు. వచ్చిన ఫొటోలన్నీ నా దగ్గరికే వచ్చాయి, స్కాన్ చేయడానికి. మరకలు తీసి, చిరుగులు అతికించి ఇచ్చాను. 1972 బ్యాచ్ పేజీ మాత్రం ఖాళీగా ఉంది. అది మా బ్యాచ్. వెండి పండగ సంచికలోనూ ఖాళీయే. "మాస్టారి కెమెరాకి చిల్లు పడింది, అందుకని ఫొటో లేదు" అని మా బ్యాచ్‌వాళ్ళందరికీ తెలుసు.

ఆ ఏడు స్టూడియో నుంచి ఫొటోగ్రాఫరుని పిలిపించాలంటే తలా ఎంతో పోగుచేయాలన్నారు, సగంమంది ఇవ్వలేమన్నారు. అప్పుడు సైన్సు మాస్టారు "నేనే తీస్తానర్రా" అన్నారు. ఆయన దగ్గర అగ్ఫా ఐసొలెట్ అనే జర్మన్ మడత కెమెరా ఉండేది. తోలు తొడుగు, అపోటార్ లెన్సు. వెనక చిన్న ఎర్ర కిటికీ, అందులో ఫిల్ము అంకె కనిపించేది. కాంతి పాఠం చెప్పేటప్పుడు అట్టపెట్టెతో సూదిబెజ్జం కెమెరా చేయించి, దాని తర్వాత ఈ ఐసొలెట్ తెరిచి చూపించేవారు. "కాంతి తిన్నగా పోతుంది, దానికి మొహమాటం లేదు, సందిస్తే చాలు దూరుతుంది" అనేవారు. నాకు ఆ మాటకన్నా ఆ కెమెరా మీదే చూపుండేది.

పరీక్షలకి వారం ముందు, పొద్దున్న పదింటికి, బడి మెట్ల మీద నిలబెట్టారు. నలభై ఒక్కమందిమి, మాస్టర్లు వేరే. రీల్లో అప్పటికే తొమ్మిది అయిపోయాయి, జెండా పండగవీ ఆటల పోటీలవీ. పదోది, పదకొండోది మా గ్రూపు. ఇంకొక్కటి మిగిలింది. మాస్టారు "గంట కొట్టే తాతని పిలుచుకొస్తా, ఆయన్నెవరూ ఫొటో తీయలేదు" అని, నేను లీడర్ని కాబట్టి కెమెరా నా చేతికిచ్చి వెళ్ళారు. మిగతావాళ్ళు కబుర్లలో ఉన్నారు. నేను స్తంభం చాటుకి వెళ్ళాను.

వెనక మూత మీట నొక్కితే ఏమవుతుందో చూద్దామనుకున్నాను. అంతే. మూత తెరుచుకుంది. భయపడి మూయబోతే స్పూలు పైకి లేచి నా చేతిలోకి వచ్చేసింది, చుట్టలు వదులయ్యాయి. గబగబా బిగించి లోపల కూర్చోబెట్టి మూసేశాను. అంతా కలిపి అరనిమిషం ఉండదు. మాస్టారు తాతని తీసుకొచ్చారు, తాత తలపాగా సర్దుకున్నాడు, ఫొటో తీశారు.

నాలుగు రోజుల తర్వాత మాస్టారు క్లాసులోకొచ్చి, "ఒరేయ్, ఫొటోలు పోయాయిరా. తప్పు నాదే. బెల్లోస్‌కి చిల్లు పడింది, చూసుకోలేదు" అన్నారు. కెమెరా తెరిచి, తిత్తి మూల నల్లటేపు అతికించిన చోటు కూడా చూపించారు. నేను తల దించుకున్నాను. తర్వాత నెమ్మదిగా నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. చిల్లు పడిందన్నారుగా, నేను తెరిచినందువల్ల కాదేమో అని. ముప్పయ్యారేళ్ళు ఆ మాట పట్టుకునే బతికాను. తర్వాత నేను ఈ వృత్తిలోకి వచ్చాక, ఆ కాలం అగ్ఫా కెమెరాల బెల్లోస్ మూలల్లో చిల్లులు పడటం మామూలేనని తెలిసి ఇంకా నిశ్చింతగా ఉన్నాను.

మాస్టారు పోయిన ఏడు కాలం చేశారు. వాళ్ళావిడ, మీరందరూ ఎరిగిన అమ్మగారు, నన్ను పిలిపించి, "నువ్వు ఈ పనిలో ఉన్నావు కదా బాబూ, ఇవి నీ దగ్గరుంటే బాగుంటుంది" అని ఆ కెమెరా, ఒక చెక్కపెట్టె నిండా నెగెటివులు ఇచ్చారు. ప్రతి కవరు మీదా పెన్సిల్‌తో తేదీ, వివరం. ఒకదాని మీద "పదో తరగతి, 1972" అని ఉంది.

నెగెటివుని చదవడం నాకు వచ్చు. అందులో వెలుగు తగిలిన చోటు నలుపవుతుంది. బెల్లోస్‌కి చిల్లుంటే, దూరిన వెలుగు ఫొటో చట్రం లోపలే మచ్చ వేస్తుంది. చట్రం బయట ఉన్న తెల్లటి అంచుని తాకలేదు, ఎందుకంటే ఆ అంచుని కెమెరాలోని ఇనప చట్రం కప్పి ఉంచుతుంది. అదే వెనక మూత తెరిస్తే, వెలుగు ఫిల్ము అంచుల్లోంచి దూరుతుంది, తెల్లటి అంచుల్ని కూడా నల్లగా చేసేసి లోపలికి పాకుతుంది. స్పూలుకి పై చుట్టలో ఉన్నవి ఎక్కువ పోతాయి, లోపలి చుట్టల్లో ఉన్నవి తక్కువ.

మొదటి ఎనిమిదీ శుభ్రంగా ఉన్నాయి. తొమ్మిదోదానికి అంచులు కాస్త మాడాయి. పదోదానికి పైనుంచీ కిందినుంచీ నలుపు పాకి, మధ్యలో ఒక పట్టీ మిగిలింది. పదకొండోది దాదాపు పోయింది. పన్నెండోది, తాతది, బొగ్గు. ఆ రీలు చూసిన ఎవరైనా రెండు క్షణాల్లో చెప్పేస్తారు ఇది మూత తెరిచిన పనేనని. తిత్తికి చిల్లుంటే మొదటి ఎనిమిదింటిలో మచ్చ ఎందుకు లేదు? అదే ఎండ, అదే కెమెరా.

అయినా మనసొప్పక, ఆ రాత్రి బియ్యం బస్తాల మధ్య కూర్చుని, కెమెరాలో చిన్న టార్చి పెట్టి తిత్తిని పరీక్షించాను. మూడు మూలల్లో చుక్కల్లా వెలుతురు కనిపించింది. ఇన్నేళ్ళకి పడకుండా ఉంటాయా! నాలుగో మూల మాస్టారు అతికించిన టేపు అలాగే ఉంది. తడిపి, నెమ్మదిగా తీశాను. దాని కింద చిల్లు లేదు.

అంటే ఆయనకి తెలుసు. కాంతి పాఠం చెప్పిన మనిషికి తెలియదా! కెమెరా నా చేతిలో తప్ప ఇంకెవరి చేతిలోనూ లేదు. పరీక్షలకి వారముందనగా, నలభైమంది ముందు నా పేరు వస్తే ఏమవుతుందో ఆలోచించుంటారు. లేని చిల్లుకి టేపు అతికించారు. తర్వాత నాకు ఎన్‌లార్జింగు నేర్పిందీ ఆయనే, స్టూడియో పెట్టుకునేటప్పుడు బ్యాంకులో హామీ సంతకం పెట్టిందీ ఆయనే. ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు.

ఇంకొక్క సంగతుంది. మా బ్యాచ్‌లో ఒకడు ఆ వేసవిలోనే కాలవలో పోయాడు. పేరు చెప్పను, మావాళ్ళకి తెలుసు. వాళ్ళింట్లో గోడ మీద వాడి ఫొటో ఒకటి ఉండేది, దండ వేసి. కాస్త మసకగా ఉన్నా, వాడి నవ్వు వాడిదే. ఎక్కడ తీయించారో అనుకునేవాణ్ణి. ఆ కవర్లో పదో నెగెటివు మీద, మిగిలిన ఆ పట్టీలో, ఒక తల చుట్టూ ఎర్ర సిరాతో చిన్న గుర్తుంది. వాడు మధ్య వరసలో నిలబడ్డాడు. వాళ్ళమ్మ వచ్చి అడిగితే, మాస్టారు ఆ ఆవగింజంత తలని ఎన్‌లార్జ్ చేసి ఇచ్చారన్నమాట. నెగెటివు పెద్దది కాబట్టి ఆ మాత్రమైనా మొహం వచ్చింది. అదే మామూలు రీలయితే ఆ తల మిల్లీమీటరు కూడా ఉండేది కాదు, కళ్ళూ నోరూ గింజల్లో కలిసిపోయేవి. పెద్ద నెగెటివు మీద నాకెందుకింత పిచ్చి అని మా అబ్బాయి అడుగుతుంటాడు. ఇదిగో, ఇందుకు.

1972 వాళ్ళు, మీలో ఇవాళ ఎంతమంది వచ్చారో ఇందాక లెక్కపెట్టాను, పదకొండుగురు. మీ ఫొటో పోగొట్టింది నేను. మాస్టారి కెమెరా కాదు. ఇన్నేళ్ళూ ఎవరైనా "ఆ డొక్కు కెమెరా వల్ల" అని నవ్వితే నేనూ కలిసి నవ్వాను. ఇవాళ అమ్మగారు కూడా సభలో ఉన్నారు. అమ్మా, టేపు సంగతి మీకు తెలుసో తెలియదో, ముందుగా మీకు చెప్పాల్సింది. మీ గుమ్మం దాకా రెండుసార్లు వచ్చి చెప్పలేక వెనక్కి వెళ్ళాను.

సంచికలో మా పేజీ ఖాళీగా వదలొద్దని సంపాదకుల్ని అడిగాను. ఆ పదో నెగెటివుని ఉన్నదున్నట్టు, మాడిన అంచులతో సహా ప్రింటు తీసి ఇస్తున్నాను. పదమూడుమంది మొహాలు తెలుస్తున్నాయి. పోయినవాణ్ణి లెక్కలో కలిపే చెప్తున్నాను.

ఈ ఫ్యూజీ కెమెరా వచ్చే ఏడు బజారులోకి వస్తుందంటున్నారు. కోఠీలో నాకు తెలిసిన కొట్టువాడికి చెప్పి ఉంచాను. కొనగలనో లేదో ఇంకా తేలలేదు, ఎన్‌లార్జరు అమ్మను గాని, పాత యాషికాలు రెండున్నాయి, వాటికి ఎంతొస్తుందో చూడాలి. కొన్నా కొనకపోయినా, 2010 సంక్రాంతికి మా బ్యాచ్‌లో మిగిలినవాళ్ళందరూ బడి మెట్ల దగ్గరికి రండి. పొద్దున్న పదింటికి, ఎండ అప్పుడే మెట్ల మీదికి సరిగ్గా పడుతుంది. ఎవరి చోట వాళ్ళు నిలబడండి, పదో నెగెటివు చూసి చెప్తాను ఎవరెక్కడో. కొత్తది రాకపోతే మాస్టారి ఐసొలెట్‌కి కొత్త బెల్లోస్ వేయించి దాంతోనే తీస్తాను. పన్నెండు ఫొటోలు వస్తాయి, పన్నెండోది గంట తాత మనవడిది. వాడిప్పుడు మన బడిలోనే అటెండరు, అడిగాను, వస్తానన్నాడు.

ఫిల్ము ఖర్చు నాది. కెమెరా మాత్రం ఎవరి చేతికీ ఇవ్వను.